బొంత రోడ్డు

జనవరి 9

చిట్టికి,

మీ వదిన ఇంత దూరం నుంచే పెడుతున్న మొట్టికాయ అందుకో. అందిందని జవాబు రాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుతావని తెలుసు. ఫోన్లో నువ్వు నా మాట ఎప్పుడు పూర్తి కానిచ్చావు? కాగితమైతే మధ్యలో అడ్డు తగలదు. పైగా మా రెండు గదుల కొంపలో గుసగుసలాడినా మీ అన్నయ్య చెవిన పడుతుంది. ఇది ఆయన చెవిన పడకూడని సంగతి.

మీ ఆఫీసువాళ్ళు మా కాలనీని నగరంలో కలిపేసుకుంటారట. పన్ను పెరుగుతుంది, గుమ్మానికి కొత్త నంబరు రేకు వస్తుంది, వీధంతా తారు రోడ్డు పడుతుంది. కాలనీ సంఘం మీటింగ్ పెట్టి చేతులెత్తమంటుంది. వినగానే సగం మంది మొహాలు పెళ్ళి పందిట్లోలా వెలిగిపోయాయి. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

మా రోడ్డుని చూసి నువ్వు నవ్వని రోజు లేదు. కానీ అదెలా పుట్టిందో ఒకసారి గుర్తు తెచ్చుకో. స్థలాలు అమ్మినవాడు రోడ్డు వేస్తానని చెప్పి మళ్ళీ కనపడలేదు. ఎవరి గుమ్మం ముందు వాళ్ళే వేసుకున్నాం. మా ఇంటి ముందు పగిలిన రాతిపలకలు, మీ అన్నయ్య ఒక్కొక్కటే భుజాన మోసుకొచ్చి పరిచినవి. పక్కన దర్జీ ఇంటి ముందు నిలువుగా పేర్చిన ఇటుకలు. ఆ పక్కన నర్సమ్మగారి సన్న కంకర. తర్వాత పంతులుగారి నున్నటి సిమెంటు, దాని మీద ఆరకముందే ఆయన కుక్క నడిచిన అడుగులు. చివర్లో రొట్టెల బట్టీ ఆయన పరిచిన పగిలిన పెంకులు. అవి దాటితే మూలమీద పంక్చర్ షాపు. బయటివాళ్ళు బొంత రోడ్డని ఎగతాళి చేశారు. కొన్నాళ్ళు ఉడుక్కుని, తర్వాత మేమే ఆ పేరు పెట్టేసుకున్నాం. వానలు వెలిశాక అందరం ఒకే రోజు పారలు పట్టుకుని బయటికొస్తాం. నా అతుకు మీదికి నీ అతుకు వచ్చిందని పొద్దున్నంతా దెబ్బలాడుకుని, సాయంత్రం ఒకే కెటిల్లో టీ తాగుతాం. దీనికి ఇన్నేళ్ళూ ఎవరూ పన్ను అడగలేదు, మేం ఎవరినీ రోడ్డు అడగలేదు.

నువ్వు రోడ్ల విభాగంలో ఇంజనీరువి. నీకు చెయ్యగలిగిన సాయం ఒకటుంది. కాలనీ కలిసినా సరే, పనుల వరసలో మా వీధిని అన్నిటికంటే అడుగున పెట్టించు. మా రోడ్డు జోలికి ఎవరూ రాకుండా చూడు. ఎందుకని అడగకు. కారణం ఉంది, చెప్పనని ఒట్టు వేశాను. ఆ రోడ్డు పోతే నా ఇల్లు పోయినట్టే. ఈ ఒక్కసారికి ఈ వదిన మాట నమ్ము.

మీ అన్నయ్య బాగున్నారు. రోజూ పంక్చర్ షాపుకి వెళ్ళొస్తున్నారు. ఇస్త్రీ బల్ల మీదే రాస్తున్నాను, కాగితం వెచ్చగా ఉంటే ఆశ్చర్యపోకు.

మీ వదిన


జనవరి 20

వదినకి,

మొట్టికాయ అందింది. బొప్పి కట్టింది. వచ్చినప్పుడు వడ్డీతో కలిపి ఇస్తాను.

నీ ఉత్తరం ఆఫీసులో దొంగతనంగా చదివాను. మా పెద్ద ఇంజనీరు "ప్రేమలేఖా?" అన్నాడు. "అంతకంటే ప్రమాదం సార్, మా వదిన రాసింది" అన్నాను.

వదినా, నిజం చెప్పు. పన్ను గురించే కదా నీ బాధంతా? అందులో తప్పేం లేదు, ఇక్కడ కలిసిన ప్రతి కాలనీ ముందు ఇలాగే గోల పెట్టింది. మీరు మీ చేత్తో వేసుకున్న రోడ్డంటే మీకు ముద్దే. కానీ ఆ ఇటుకల మీదా పెంకుల మీదా సైకిల్ తొక్కితే పళ్ళు రాలతాయి. అన్నయ్య నడుము సంగతి మర్చిపోయావా? నడుము నొప్పనే కదా బస్సు తోలడం మానేసి ముందే ఇంట్లో కూర్చున్నాడు? అలాంటి మనిషి రోజూ ఆ ఎగుడుదిగుళ్ళ మీద నడుస్తుంటే నీకెలా మనసొప్పుతోంది?

చిన్నప్పుడు నన్ను బస్సులో ఇంజిన్ పక్క పెట్టె మీద కూర్చోబెట్టుకునేవాడు. "గుంత కనపడితే అరిచి చెప్పు" అనేవాడు. నేను గుంత లేకపోయినా అరిచేదాన్ని. తిట్టేవాడు కాదు, ఊరికే బ్రేకు నొక్కి నాకేసి నవ్వేవాడు. వెనకాల జనం తిట్టేవాళ్ళు. నేను రోడ్లు చదువుతానంటే ఇంట్లో అందరూ నవ్వారు, అన్నయ్య ఒక్కడే ఫీజు కట్టాడు. ఆయన జీవితమంతా కుదుపుల్లోనే గడిచిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

సరే, నువ్వు అడిగావు కాబట్టి మాట ఇస్తున్నాను. మీ వీధి అడుగునే ఉంటుంది. కారణం అడగను. అయినా ఆడపడుచు దగ్గర దాపరికమేంటి? ఎప్పుడైనా చెబుతావులే.

ఈ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించు, వరస సంగతి మాత్రం వదిలెయ్యి.

నీ చిట్టి


ఫిబ్రవరి 13

చిట్టీ,

మీటింగ్ అయిపోయింది. మేం ఓడిపోయాం. ఓడిపోవడం కాదు, అమ్ముడుపోయాం.

నేను ఇల్లిల్లూ తిరిగానే! దర్జీ ఇంటి మెట్ల మీద కూర్చుని గంట మాట్లాడాను. "అమ్మా, నా చెయ్యి పైకి లేస్తే విరిచెయ్యండి" అన్నాడు. నర్సమ్మగారు నా చేతులు పట్టుకుంది. రొట్టెల బట్టీ ఆయన రొట్టె కూడా ఊరికే చేతిలో పెట్టాడు. సంఘానికి పెద్ద పంతులుగారు కాబట్టి ఆయన్ని అడగలేదు, ఆయన ఎటూ కాని మనిషి.

బడి షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి, కలవడానికి ఇష్టమైనవాళ్ళు చేతులెత్తమన్నారు పంతులుగారు. అందరికంటే ముందు లేచింది దర్జీ చెయ్యి. విరిచేద్దామనే లేచాను, ఈలోపు నర్సమ్మగారు ఎత్తింది, రొట్టెల ఆయన ఎత్తాడు. తర్వాత దర్జీని నిలదీస్తే తల గోక్కున్నాడు. "నగరంలో కలిస్తే స్థలం ధర పెరుగుతుందమ్మా, అమ్ముకుని అబ్బాయి దగ్గరికి పోదామని" అన్నాడు. వాడికి నా కారణం తెలుసు చిట్టీ. తెలిసే ఎత్తాడు. అదే నన్ను తినేస్తోంది. తెలియనివాడు చేస్తే పొరపాటనుకుని ఊరుకునేదాన్ని.

ఇంకో మాట. మీ అన్నయ్య కూడా చెయ్యి ఎత్తారు. నేను పక్కనే కూర్చుని ఉన్నా. వద్దనేవాళ్ళని ఎత్తమన్నారనుకుని పొరబడ్డారేమో, గోలలో సరిగ్గా వినపడలేదేమో అని సరిపెట్టుకున్నాను. ఇంటికొచ్చాక అడగలేదు. అడిగి ఆయన్ని చిన్నబుచ్చడం ఎందుకు?

బయటి కమాను మీద మా కాలనీ పేరున్న రేకు పీకేశారు. ఎవరింటి కోళ్ళగూటికో కప్పేశారట. ఇప్పుడు మేం ఒక నంబరు. వానల తర్వాత పారలు పట్టుకుని రావాల్సిన పని లేదని పంతులుగారు సంబరంగా చెబుతున్నారు. ఆ పనే కదా మమ్మల్ని కాలనీ చేసింది, అది లేకపోతే మేం పక్కపక్క గోడలం అంతే. చెబితే ఎవరికి అర్థమవుతుంది?

నాకిప్పుడు నీ మాట ఒక్కటే మిగిలింది. మా వీధి అడుగున ఉంది కదా? ఒక్క ముక్క రాయి చాలు, నిద్ర పడుతుంది.

వదిన


ఫిబ్రవరి 28

వదినకి,

నువ్వు కోప్పడతావని తెలిసే రాస్తున్నాను. కూర్చుని చదువు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంటే కింద పెట్టు.

మీ వీధి అడుగున లేదు. అన్నిటికంటే పైన ఉంది. మీ కాలనీలో మొదటి తారు రోడ్డు మీదే. గీత గీసింది నేను, దగ్గరుండి వేయించేది నేను. ఉద్యోగంలో చేరాక పూర్తిగా నా చేతికిచ్చిన మొదటి రోడ్డు ఇది.

మాట తప్పానని తిట్టు, పడతాను. కానీ ఆలోచించు. ఊళ్ళో అందరికీ రోడ్లు వేసి, సొంత అన్న నడుము విరిగే రోడ్డు మాత్రం వదిలేసిందని రేపు ఎవరైనా అంటే నేనేం చెప్పుకోవాలి? అన్నయ్య ఒక్కసారైనా కుదుపు లేకుండా నడవాలని నా కోరిక. ఇది పన్నుల గొడవ కాదు వదినా. నీ పంతం కంటే నాకు ఆయన నడుము ముఖ్యం. ధైర్యం చాలకపోతే ఒకరిని అడిగే ముందుకెళ్ళాను. ఎవరో ఇప్పుడు చెప్పను, చెబితే మజా పోతుంది.

రోడ్డు పడ్డాక నువ్వే నాకు టీ కాచిస్తావు. పందెం.

నీ చిట్టి


మార్చి 6

చిట్టికి,

పందెం లేదు, టీ లేదు.

నిన్ను ఒక్కటి అడిగాను. కారణం లేకుండా నమ్మమన్నాను. నువ్వు "సరే" అని రాసిన కాగితం నా పెట్టెలో ఉంది. బయటివాళ్ళు మోసం చేస్తే వీధిలో నిలబడి అరిచాను. నువ్వు చేస్తే ఎక్కడికెళ్ళి అరవను?

ఇంకా రాళ్ళు దించలేదు, రోలర్ రాలేదు. ఇప్పటికైనా ఆపు. ఆపలేకపోతే మా వీధి వదిలేసి పక్క వీధి వెయ్యి. వాళ్ళు నెత్తిన పెట్టుకుంటారు.

నన్ను మొండిదని అను, పిసినారిదని అను. కానీ ఆపు.

వదిన


ఏప్రిల్ 17

వదినకి,

నువ్వు తలుపేసుకుని కూర్చున్నా సరే, నిన్నటి సంగతి నీకు రాయకుండా ఉండలేను.

నా రోడ్డు ప్రారంభానికి మా పెద్ద ఇంజనీరు వచ్చాడు, పంతులుగారు రిబ్బను కట్టారు, రొట్టెల ఆయన అందరికీ బన్నులు పంచాడు. నువ్వు కిటికీ రెక్క కూడా తియ్యలేదు. కానీ అన్నయ్య వచ్చాడు వదినా! తెల్ల చొక్కా, దుమ్ము పడకుండా పెట్టుకుంటానన్న ఆ నల్ల కళ్ళద్దాలు, డిపోలో పని చేసే రోజుల్లోలా నున్నగా దువ్విన తల. గేటు దగ్గర నిలబడి "చిట్టీ, ఇలా రా" అన్నాడు. వెళ్ళాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. అలాగే వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నాతో నడిచాడు. నా పెళ్ళి మాటలు తప్పిపోయినప్పుడు కూడా ఆయన నా భుజం మీద చెయ్యి వెయ్యలేదు. అలాంటివి చేసే మనిషి కాదు కదా! మధ్యలో ఆగి కాలితో రోడ్డుని ఒత్తి చూశాడు. "కుదుపే లేదమ్మా" అన్నాడు. అందరి ముందూ ఏడ్చేశాను. ఈ ఉద్యోగానికి ఇంకేం కావాలి నాకు?

ఒక్కటే నన్ను తల దించుకునేలా చేసింది. వీధంతా నల్లగా నిగనిగలాడుతుంటే మీ గుమ్మం ముందు మాత్రం ఆ పాత రాతిపలకలు అలాగే ఉన్నాయి. రోలర్ మనిషిని అడిగాను. నువ్వు ఇస్త్రీ బల్ల తెచ్చి రాళ్ళ మీద వేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వీధి బట్టలన్నీ అక్కడే ఇస్త్రీ చేశావట! "అమ్మగారు కదల్లేదు, పక్కనుంచి తిప్పుకుపోయాం" అన్నాడు. మా పెద్ద ఇంజనీరు పగలబడి నవ్వాడు. "నీ సొంత అన్న గుమ్మమే మిగిలిపోయిందే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

వదినా, పంతం చాలు. వచ్చే వారం మనుషుల్ని పంపి ఆ ముక్క కూడా పూర్తి చేయిస్తాను. ఈసారి బల్ల లోపల పెట్టుకో.

నీ చిట్టి


ఏప్రిల్ 22

చిట్టీ,

నేను ఒట్టు తప్పుతున్నాను. నువ్వు మాట తప్పగా లేనిది నేను ఒట్టు తప్పితే ఏం?

ఆయన నీ భుజం మీద ప్రేమతో చెయ్యి వెయ్యలేదు. ఆయనకి కనపడదు.

ఇలా ముక్కు మీద గుద్దినట్టు రాస్తున్నానని తెలుసు. మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు. నువ్వు రాసింది చదివి కాగితం నలిపేసి, మళ్ళీ ఇస్త్రీ చేసి, మళ్ళీ చదివాను. నువ్వు ఏడ్చానని రాసిన చోట నాకు నవ్వొచ్చింది. ఎంత పాడు నవ్వో అది!

మొదట రాత్రిళ్ళు ఎదురొచ్చే బళ్ళ దీపాలు చెదిరిపోయాయన్నారు. తర్వాత పక్కనున్న మనిషి కనపడటం మానేశాడు. డిపో డాక్టరు అక్షరాల బోర్డు చూపించి, ఆ రోజే స్టీరింగ్ దగ్గర్నుంచి దించేశాడు. ఇంటికొచ్చి నాచేత ఒట్టు వేయించుకున్నారు. "చిట్టికి నడుము నొప్పని చెప్పు. తెలిస్తే ఉద్యోగం వదిలేసి వచ్చి నా పక్కన కూర్చుంటుంది. దాని దగ్గర నేను డ్రైవర్‌గానే ఉండాలి" అన్నారు. ఇప్పుడు వెలుగుందా లేదా అన్నదే తెలుస్తుంది. ఆ నల్లద్దాలు దుమ్ముకి కాదు.

నీకు ఉత్తరాలెందుకు రాస్తున్నానో ఇప్పుడు తెలిసిందా? ఫోన్ అయితే ఆయన వింటారు. ఉత్తరం ఆయన చదవలేరు. నువ్వు రాసినవి నేనే చదివి వినిపిస్తాను, రాయని మాటలు కలిపి.

ఇక రోడ్డు. కళ్ళు పోయిన కొత్తలో ఆయన గది దాటలేదు. తర్వాత ఒకరోజు గేటు దాకా వెళ్ళారు. రాతిపలకల మీద నిలబడి, కాలు పక్కకి పెడితే ఇటుకలు తగిలాయట. "దర్జీ ఇల్లు" అన్నారు. ఇంకొంచెం ముందుకెళ్ళి "ఇది కంకర, నర్సమ్మ" అన్నారు. చిన్నపిల్లాడిలా నవ్వారు. ఆ తర్వాత చేతికర్ర లేదు, నా చెయ్యి లేదు. ఇటుక, కంకర, సిమెంటు, పెంకులు, అలా ఒక్కరే పంక్చర్ షాపుకి వెళ్ళి, ఒక్కరే ఇంటికొచ్చేవారు. అది కాలక్షేపం కాదు, ఆయన పని. ట్యూబుని చెంప దగ్గర పెట్టుకుని గాలి ఎక్కడ తగిలితే అక్కడ చిల్లని చెబుతారు. కళ్ళున్నవాళ్ళు నీళ్ళలో ముంచి వెతికేలోపు ఆయన అతుకేసేస్తారు. వీధిలో అందరికీ తెలుసు. ఎదురుపడితే దర్జీ ముందే గొంతు సవరించుకునేవాడు, తను ఉన్నానని తెలిసేలా. అదే దర్జీ చెయ్యి ఎత్తాడు.

నువ్వు పోసిన తారు మీద అన్ని గుమ్మాలూ ఒకటే. మొన్న పొద్దున్న బయల్దేరి షాపు దాటిపోయి పెద్ద రోడ్డు ఎక్కేశారు. లారీ వాడు తిట్టిన తిట్లకి ఎవరో పట్టుకొచ్చి గేటులో దింపారు. అప్పటినుంచి గదిలోనే ఉన్నారు. "కుదుపే లేదమ్మా" అని నీతో ఎందుకన్నారో ఇప్పుడు ఆలోచించుకో.

ఇక మిగిలింది మా గుమ్మం ముందు రాళ్ళే. అవి ఉంటేనే, ఎప్పుడైనా ధైర్యం చేసి బయటికెళ్తే తిరిగొచ్చేటప్పుడు ఇల్లెక్కడో తెలుస్తుంది. నీ మనుషుల్ని పంపకు.

ఇంకేం రాయను.

వదిన


ఏప్రిల్ 27

వదినా,

నమస్కారం పెట్టడానికి కూడా చెయ్యి రావడం లేదు.

నీ ఉత్తరం అందిన రోజే మనుషుల్ని ఆపమని చెప్పించాను. చెప్పినవాడు వాళ్ళకి చెప్పాడో లేదో ఇంకా తెలియదు. ఈ ఉత్తరం వాళ్ళకంటే ముందు చేరాలని దండం పెట్టుకుంటున్నాను.

నేను మాట తప్పాను, నిజమే. కానీ నువ్వు చేసింది ఏంటి? నా అన్న కళ్ళు పోతే నాకు చెప్పలేదు! దర్జీకి తెలుసు, రొట్టెలవాడికి తెలుసు, నాకు తెలియదు. ఒట్టంటావు. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క మొదటి ఉత్తరంలో రాసి ఉంటే గీత గీసేదాన్నా? నా చేత్తోనే నా అన్న దారి చెరిపించావు వదినా. నేను రోడ్డు వేశాననుకున్నాను. ఆయన్ని గదిలో పెట్టి గొళ్ళెం వేశాను. ఇప్పుడు ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నట్టే ఉంది, దులుపుకుంటే పోవడం లేదు. ఆ రోజు నేను ఎంత గర్వంగా నడిచానో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఇంకొకటి చెప్పాలి. నీకు కష్టంగా ఉంటుంది, అయినా ఇక ఈ ఇంట్లో దాపరికాలు వద్దు. ఒకరిని అడిగి ముందుకెళ్ళానని రాశాను కదా? అది అన్నయ్యే. మీ మీటింగ్ కంటే ముందే, పంక్చర్ షాపుకి ఫోన్ చేసి అడిగాను. "అన్నయ్యా, కాలనీ కలిస్తే నాకిచ్చే మొదటి రోడ్డు మీ వీధికే పెట్టుకోనా? వదిన వద్దంటోంది" అన్నాను.   అన్నయ్య అన్నాడు, "పెట్టుకో తల్లీ. వదినకి నేను చెబుతాలే" అని. సమయం చూసి ఆయనే నీకు చెబుతాడనుకున్నాను.

కాబట్టి మీటింగ్‌లో ఆయన చెయ్యి పొరపాటున లేవలేదు.

చిట్టి


మే 4

చిట్టికి,

నీ ఉత్తరం కంటే నీ మనుషులే ముందొచ్చారు.

నేను బట్టల మూట ఇచ్చి రావడానికి వెళ్ళాను. ఇంట్లో ఆయన ఒక్కరే. వాళ్ళు గేటు తట్టి "ఇంజనీరమ్మ పంపింది, రాళ్ళు తియ్యాలి" అన్నారట. ఆయన గేటు తీశారు. తన చేత్తో తీశారు. "మా చెల్లెలు పంపిందా? అయితే తీసెయ్యండి" అన్నారట. నేను వీధి మలుపు తిరిగేసరికి ఆ రాతిపలకలు బండిలో ఉన్నాయి, గుమ్మం ముందు వేడి తారు పొగలు కక్కుతోంది. నా మూట అక్కడే కింద పడింది.

ఆ మర్నాడు నీ ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే "చిట్టి ఏం రాసింది?" అన్నారు. ఎప్పటిలాగా కల్పించలేదు. ఉన్నదున్నట్టు, నువ్వు నన్ను తిట్టింది కూడా వదలకుండా చదివాను. షాపుకి ఫోన్ చేసిన ముక్క మాత్రం రెండుసార్లు చదివాను. ఆయన తల వంచుకుని కూర్చున్నారు.

"మీరు కావాలనే చెయ్యి ఎత్తారా?" అన్నాను.

"అది ఇంజనీరయ్యాక వేసే మొదటి రోడ్డు. నా ఇంటి ముందు వేస్తానని అడిగితే వద్దని ఏ నోటితో అనను? వద్దంటే ఎందుకని అడుగుతుంది. అప్పుడేం చెప్పను?"

"మరి నేను? మీ దారి కోసమే కదా ఇల్లిల్లూ తిరిగి అందరి కాళ్ళూ పట్టుకున్నాను! మీరు పక్కన కూర్చుని చెయ్యి ఎత్తారా?"

"నువ్వు నా మనిషివి. అర్థం చేసుకుంటావనుకున్నా."

చూశావా? నీకు దొరికింది రోడ్డు. నాకు దొరికింది అర్థం చేసుకునే పని. పెళ్ళైనప్పటినుంచీ ఆ పని నాదే. ఆ రోజు గోలలో పొరబడ్డారేమో, చిన్నబుచ్చకూడదని ఎంత జాగ్రత్తగా ఊరుకున్నాను! నా జాలి అంతా బూడిదలో పోశాను. దర్జీ డబ్బు కోసం ఎత్తాడు, వాడిని తిట్టుకోవడానికైనా వీలుంది. ఈయన్ని ఏమని తిట్టుకోను?

ఆయన మాత్రం "ఉత్తరంలో అది ఎక్కడ ఏడ్చిందో చెప్పు" అన్నారు. కాగితంలో ఏడుపు కనపడదన్నాను. "నీకు కూడా కనపడకపోతే ఎలా" అన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

ఒట్టు తప్పి నీకు చెప్పినందుకు నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

మీ కొత్త పన్ను కాగితం కూడా వచ్చింది. అందులో 'రోడ్డు సౌకర్యం' అని ఒక వరస ఉంది. కట్టాను. వెనకటి రోడ్డుకి ఒళ్ళు వంచి కష్టపడ్డాం, అది మాదనిపించేది. దీనికి డబ్బు కడుతున్నాం, ఇది ఎవరిదో తెలియడం లేదు. దర్జీ ఇంటికి బేరగాళ్ళు వస్తూనే ఉన్నారు. మొన్న ఆయన గేటు దగ్గర నిలబడి ఉంటే దర్జీ అటుగా వెళ్ళాడు. గొంతు సవరించుకోలేదు. మెత్తటి రోడ్డు కదా, అడుగుల చప్పుడు కూడా లేదు.

నువ్వు వస్తానంటావని తెలుసు. రా. భుజం తెచ్చుకో. ఈసారి తెలిసే ఇయ్యి, ఆయన కూడా తెలిసే వేస్తారు. నా భుజం పట్టుకుని నడవమంటే జైలుకి నడిచినట్టు నడుస్తున్నారు. నాక్కూడా ఆయన చెయ్యి బరువుగానే ఉంది, అబద్ధం చెప్పను.

వచ్చినప్పుడు గుమ్మం ముందు మాత్రం చూసుకుని అడుగు వెయ్యి. నీ మనుషులు తారు పరిచి ఇంకా తొక్కించకముందే, మీ అన్నయ్య రాళ్ళు తీసేశారన్నది మరిచి అలవాటుగా కాలు పెట్టారట. చెప్పు దిగబడిపోయింది. కాలు లాక్కున్నారు కానీ చెప్పు రాలేదు. వాళ్ళు పీకబోతుంటే నేను వద్దని అడ్డం నిలబడ్డాను. చెప్పుని వదిలేసి చుట్టూ గట్టిపరిచి వెళ్ళిపోయారు. ఇప్పుడు నీ నున్నటి రోడ్డు మొత్తానికి కాలికి తగిలేది అదొక్కటే. అది తగిలితే తన గుమ్మమని ఆయనకి తెలుస్తుంది.

ఇల్లెక్కడుందో తెలుస్తుంది చిట్టీ. ఆయన ఇల్లు దాటితేనే కదా దానితో పని.

రెండో చెప్పు గూట్లో పెట్టాను.

వదిన